గడ్డికీ మంచుకీ ఒకటే బండి: సెకండ్ హ్యాండ్ గార్డెన్ ట్రాక్టర్ ఏది తీస్కోవాలి

సెకండ్ హ్యాండ్ గార్డెన్ ట్రాక్టర్ కొనబోయేవాళ్ళు ముందు అడిగేది ఇంజిన్ ఎన్ని హార్స్ పవర్, డెక్ (బండి కింద గడ్డి కోసే బ్లేడ్లుండే పెట్టె) ఎన్ని అంగుళాలు అని. గడ్డి ఒక్కటే కొయ్యాలంటే ఆ రెండు ప్రశ్నలూ సరిపోతాయి గానీ అదే బండితో చలికాలం మంచు కూడా నెట్టాలంటే లెక్క మొత్తం మారిపోతుంది. గడ్డి కొయ్యడం ఏ బండైనా చేస్తుంది, పాత చవక బండి కూడా బ్లేడ్లు పదును పెట్టిస్తే బానే కోస్తుంది. మంచు దగ్గరే దాని సత్తా ఏంటో తేలేది. అందుకే బండిని మంచు కోసం ఎంచుకోండి, గడ్డి సంగతి దాని వెనకాలే సర్దుకుంటుంది. వరసగా చెప్పాలంటే మొదట వెనకున్న ట్రాన్సాక్సిల్ (గేర్‌బాక్సూ యాక్సిలూ కలిసిన పెట్టె, వెనక చక్రాల్ని తిప్పేది) చూడండి, తర్వాత మంచు బ్లేడూ (బండి ముందు తగిలించి మంచు నెట్టే రేకు) దాని బ్రాకెట్లూ బండితో వస్తున్నాయా చూడండి, ఇంజిన్ది మూడో స్థానమే. ఇంజిన్ పోతే కొత్తది బిగించుకోవచ్చు, చాలామంది బిగించుకుంటారు కూడా, కానీ ట్రాన్సాక్సిల్ పోయిందంటే చిన్న బండ్లలో దాని ఖర్చు బండి ఖరీదుకి దగ్గరకొచ్చేస్తుంది, పాత మోడల్‌కి మంచు బ్లేడు బ్రాకెట్ విడిగా వెతకడం మొదలుపెడితే ఆ సీజన్ అయిపోతుంది.

పేరు చూసి మోసపోవద్దు, వెనక చక్రం చూడండి

లాన్ ట్రాక్టర్ వేరు, గార్డెన్ ట్రాక్టర్ వేరు. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి, అమ్మేవాళ్ళు కూడా దేన్నైనా గార్డెన్ ట్రాక్టర్ అనే రాస్తారు, హుడ్ మీద జీటీ అని స్టిక్కర్ ఉన్నంత మాత్రాన నమ్మక్కర్లేదు. కిందకి వంగి వెనక చక్రం చూస్తే చాలు. లాన్ ట్రాక్టర్‌కి వెనక రిమ్ 8 అంగుళాలు, టైరు 20 నుంచి 22 అంగుళాల ఎత్తు, చక్రం యాక్సిల్ మీదకి జారి చివర్లో చిన్న క్లిప్పుతో ఆగుతుంది. నిజమైన గార్డెన్ ట్రాక్టర్‌కి రిమ్ 12 అంగుళాలు, టైరు 23 అంగుళాలు లేదా ఆ పైన, చక్రం కారుకి లాగా హబ్ మీద ఐదు బోల్టులతో బిగించి ఉంటుంది. ఫ్రేము మందం, ముందు యాక్సిల్ పోత ఇనుమా లేక వంచిన రేకా అన్నది కూడా చూడాలి గానీ చక్రం చూశాక మిగతావి సగం తెలిసిపోతాయి.

చిన్న బండ్లలో చాలావాటికి టఫ్ టార్క్ కంపెనీ కే46 అనే హైడ్రోస్టాటిక్ ట్రాన్సాక్సిల్ ఉంటుంది (గేర్లు మార్చకుండా ఆయిల్ ప్రెషర్‌తో నడిపేది, హైడ్రో అని కూడా అంటారు). రకరకాల రంగుల్లో, రకరకాల బ్రాండ్ల కింద లోపల ఇదే. చదునైన నేల మీద గడ్డి కొయ్యడానికి తయారు చేసింది ఇది, ఆ పనికి పర్లేదు. ఆయిల్ మార్చాలంటే డ్రెయిన్ బోల్టు ఉండదు, మొత్తం ఊడదీసి తిరగెయ్యాలి, అందుకే ఎవరూ మార్చరు. అలాంటిదానికి చక్రాలకి బరువులు కట్టి, చెయిన్లు వేసి, ముందు బ్లేడు పెట్టి తడిమంచు నెట్టిస్తే ఏమవుతుంది? కొన్నాళ్ళు బానే నెడుతుంది, తర్వాత వేడెక్కాక ఎత్తు ఎక్కలేకపోతుంది, ఆ తర్వాత చదును మీద కూడా నీరసంగా పోతుంది. చక్రం జారిపోతున్నంతకాలం ట్రాన్సాక్సిల్ మీద భారం తక్కువే, గ్రిప్పు పెంచినకొద్దీ ఆ భారం మొత్తం లోపలున్న పంపు, మోటారు మీద పడుతుంది, పోయేది అందుకే.

తడిమంచు బరువు చాలామంది తక్కువ అంచనా వేస్తారు. 10 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు డ్రైవ్ వే మీద 15 సెంటీమీటర్ల మంచు పడిందనుకోండి, ఏడున్నర ఘనపు మీటర్లు. పొడి మంచైతే ఘనపు మీటరుకి వంద కిలోల లోపే ఉండొచ్చు, అంటే మొత్తం 750 కిలోల లోపు. అదే తడిసి బరువెక్కిన మంచు 300 కిలోలు వేసుకున్నా రెండు టన్నులు దాటిపోతుంది. ఇదంతా ఒక్కసారే నెట్టరు లెండి, కానీ ఒక్క మంచు రోజుకి బండి పడే శ్రమ ఎంతో అర్థమవుతుంది కదా. అందుకే బరువైన బండి కావాలి. లాన్ ట్రాక్టర్ మామూలుగా 200 కిలోల చుట్టుపక్కల ఉంటే పాతకాలపు గట్టి గార్డెన్ ట్రాక్టర్లు 350 కిలోలు కూడా దాటుతాయి.

పాత బండ్లలో ఏది ఎలాంటిది

ఇక్కడ ఎవరి అభిమానం వాళ్ళది, బ్రాండ్ల గురించి గొడవలు తెగవు. నాకు తెలిసినంతలో ఏది ఎందుకు బాగుంటుందో చెప్తా.

జాన్ డీర్ 318 చాలామంది కళ్ళు పడే బండి, 1983 నుంచి 1992 దాకా వచ్చింది. హైడ్రోస్టాటిక్, పవర్ స్టీరింగ్, హైడ్రాలిక్ లిఫ్ట్ అన్నీ ఉంటాయి, మంచు నెట్టడానికి కావల్సిన మూడూ ఒకేచోట. ఇంజిన్ ఒనాన్ వాళ్ళ 18 హార్స్ పవర్ ట్విన్, మెత్తగా నడుస్తుంది, తక్కువ స్పీడులో కూడా లాగుతుంది. ఒనాన్‌తో తలనొప్పి ఎక్కడంటే స్పేర్ పార్ట్స్ దగ్గర, ఆ ఇంజిన్లు రావడం ఎప్పుడో ఆగిపోయింది, కొన్ని దొరకవు, దొరికినవి ఖరీదు. ఇంకోటి, గాలితో చల్లబడే ఇంజిన్ కాబట్టి ఫిన్నుల్లో (ఇంజిన్‌ని చల్లబరిచే పలుచటి రెక్కల్లో) గడ్డి ఇరుక్కుని శుభ్రం చెయ్యకపోతే వేడెక్కి వాల్వ్ సీటు ఊడిపోయే రకం. కొనేముందు పై రేకులు తీసి ఫిన్నులు చూపించమనండి, అక్కడ గడ్డి పేరుకుని ఉంటే ఓనరు బండిని ఎలా చూశాడో అదే చెప్తుంది. ఒనాన్ పోయిన 318కి వీ ట్విన్ ఇంజిన్ పెట్టి మళ్ళీ నడిపించేవాళ్ళు బోలెడంతమంది ఉన్నారు, నీట్‌గా చేసి ఉంటే అలాంటి బండి చూసి భయపడక్కర్లేదు, పైగా మంచిదే.

దాని తర్వాతి తరం 425, 445, 455, ఇవి 1993 నుంచి వచ్చాయి. మొదటి రెండూ నీళ్ళతో చల్లబడే కవాసాకి పెట్రోల్ ఇంజిన్లు, 455 మాత్రం యాన్మార్ డీజిల్. గడ్డికీ మంచుకీ రెండిటికీ బాగా సరిపోయేవి ఏవంటే నేను ఈ మూడే చెప్తా. కాకపోతే 425, 445లలో క్యామ్ గేరు (ఇంజిన్ లోపల వాల్వుల్ని నడిపే గేరు) ప్లాస్టిక్‌ది, పాతబడ్డాక పళ్ళు విరుగుతాయి. స్టీల్ గేరు వేయించారా అని అడగండి, వేయించకపోతే ఆ ఖర్చు బేరంలో తగ్గించమనండి. డీజిల్‌ది తిండి తక్కువ, మన్నిక ఎక్కువ, కానీ గడ్డకట్టే చలిలో డీజిల్ చిక్కబడిపోతుంది, గ్లో ప్లగ్గులు బాగుండాలి, చలికాలం డీజిలో కలిపే మందో వాడాలి. పొద్దున్నే మంచు తీసి ఆఫీసుకి పరిగెత్తాల్సినవాళ్ళు ఇది కూడా ఆలోచించుకోండి.

కబ్ క్యాడెట్ విషయంలో ఏ కాలం బండి అన్నదే ముఖ్యం. 1961లో ఇంటర్నేషనల్ హార్వెస్టర్ మొదలుపెట్టింది, 1981లో ఎంటీడీ చేతికి పోయింది. పాత పెద్ద బండ్లలో ఇంజిన్ నుంచి వెనక్కి బెల్టు కాకుండా షాఫ్ట్ ఉంటుంది, వెనక భాగం అంతా పోత ఇనుము. మంచులో బెల్టు తడిసి జారడం అనే బాధే ఉండదు. వీటిలో చాలావాటికి కోహ్లర్ కే సిరీస్ సింగిల్ సిలిండర్ ఇంజిన్, అది కూడా పోత ఇనుమే, అరిగితే బోర్ చేయించి ఓవర్ సైజ్ పిస్టన్ వేసుకోవచ్చు, పార్టులు ఇప్పటికీ దొరుకుతున్నాయి. వైబ్రేషన్ మాత్రం ఉంటుంది, గంటసేపు కూర్చుంటే చేతులు జివ్వుమంటాయి. అదే పసుపు రంగులో, అదే పేరుతో వచ్చిన ఈ మధ్య చవక లాన్ ట్రాక్టర్లు పూర్తిగా వేరే జాతి, ఆ పాత పేరు చూసి వీటిని కొనకండి.

వీల్ హార్స్‌ని 1986లో టోరో కొనేసింది. వీటిలో 8 స్పీడ్ గేర్ బండి మొండిది, ఆయిల్ ఉంటే చాలు దశాబ్దాలు పోతుంది. మరి మంచుకి గేర్ బండి సరిపోతుందా అంటే సరిపోతుంది గానీ విసుగు. మంచు నెట్టడం అంటే ముందుకి వెళ్ళడం వెనక్కి రావడం, మళ్ళీ ముందుకి, అలా ప్రతిసారీ క్లచ్ తొక్కి గేర్ మార్చాలి, హైడ్రో అయితే పెడల్ మీదో లివర్ మీదో అయిపోతుంది. డ్రైవ్ వే పొడుగ్గా ఒకే గీతలా ఉంటే గేర్ బండితో ఏ ఇబ్బందీ లేదు, గరాజ్ ముందు చతురస్రంలా ఉండి మాటిమాటికీ తిప్పాలంటే మాత్రం హైడ్రోనే తీస్కోండి.

కేస్, ఇంగర్సోల్ బండ్లు తక్కువమందికి తెలుసు. వీటిలో వెనక చక్రాల్ని తిప్పేది హైడ్రాలిక్ మోటారు, పెద్ద ఎక్స్‌కవేటర్లలో లాగా పంపు నుంచి ఆయిల్ ప్రెషర్‌తో తిరుగుతుంది. నెట్టే పనికి వీటిని మించినవి ఆ సైజులో తక్కువ, లిఫ్టుకి కూడా అదే ఆయిల్. లివర్ అలవాటు కావడానికి కొంచెం టైం పడుతుంది, పాత హోసులు లీక్ అవుతుంటాయి, కింద ఆయిల్ మరకలు ఉన్నాయేమో చూడండి. గడ్డి కోత అందం ముఖ్యం అనుకునేవాళ్ళకి సింప్లిసిటీ, దాని డెక్ వెనక వెడల్పుగా రోలర్లు ఉండి నేల ఎత్తుపల్లాల్ని బట్టి తేలుతుంది, కోత చారలు చారలుగా చక్కగా వస్తుంది.

కుబోటా బీఎక్స్ లాంటి సబ్ కాంపాక్ట్ ట్రాక్టర్లు కూడా ఈ వెతుకులాటలో తగులుతుంటాయి. నాలుగు చక్రాల డ్రైవ్, డీజిల్, వెనక పనిముట్లు తగిలించే త్రీ పాయింట్ హిచ్, ముందు లోడర్ పెట్టుకుంటే మంచుని ఎత్తి దూరంగా పొయ్యొచ్చు. బడ్జెట్ ఉండి స్థలం కూడా ఎకరం పైన ఉంటే నేరుగా దీనికే వెళ్ళండి, చిన్న లాన్‌లో మాత్రం మలుపుల దగ్గర గడ్డి చీరేస్తుంది, చెట్ల మధ్య తిప్పడం కష్టం.

బ్లేడా, స్నో బ్లోయరా

బ్లేడు చవక, సింపుల్, పాడవడానికి ఏమీ లేదు. మంచు తక్కువ తక్కువగా ఎక్కువసార్లు పడే చోట, పడిన వెంటనే నెట్టేసే అలవాటున్నవాళ్ళకి ఇదే. కానీ నెట్టిన మంచు ఎక్కడికి పోతుంది? పక్కన గట్టుగా పేరుకుంటుంది, గడ్డకడుతుంది, రెండోసారి దాన్ని బండి కదపలేదు, అలా చలికాలం గడిచేకొద్దీ డ్రైవ్ వే ఇరుకైపోతూ ఉంటుంది. సీజన్ మొదట్లోనే అవసరమైనదానికంటే బాగా వెడల్పుగా, దూరంగా నెట్టి పెట్టుకోవాలి. అలా నెట్టే ఖాళీ స్థలం రెండు వైపులా లేకపోతే బ్లోయరే దిక్కు. బ్లోయర్ లోతైన మంచుని కూడా దూరంగా విసిరేస్తుంది, కాకపోతే బండి ముందు భాగం బరువెక్కుతుంది, స్టీరింగ్ గట్టిపడుతుంది, పవర్ స్టీరింగ్ లేని బండిలో భుజాలు పడిపోతాయి. బెల్టులు, షియర్ పిన్నులు (ఏదైనా ఇరుక్కుంటే తామే విరిగి బ్లోయర్‌ని కాపాడేవి), చెయిన్లు అన్నీ చూసుకోవాలి. చ్యూట్‌లో (మంచుని బయటికి విసిరే గొట్టంలో) మంచు ఇరుక్కుంటే ఇంజిన్ ఆపి కర్రతో తియ్యాలి, చెయ్యి అస్సలు పెట్టొద్దు, ఇంజిన్ ఆగినా లోపల బెల్టు బిగువుకి ఒక్కోసారి రెక్క తిరిగి వేళ్ళు పోయినవాళ్ళున్నారు.

బ్లేడు వెడల్పు గురించి ఒక చిన్న లెక్క, ఇది ఎవరూ చెప్పరు. బ్లేడుని పక్కకి 30 డిగ్రీలు తిప్పితే దాని వెడల్పు తగ్గుతుంది. 42 అంగుళాల బ్లేడు తిప్పాక 36 చిల్లర అంగుళాలే శుభ్రం చేస్తుంది, వెనక టైర్ల బయటి అంచుల మధ్య దూరం గార్డెన్ ట్రాక్టర్లో 40 అంగుళాల దాకా ఉంటుంది కాబట్టి టైర్లు నెట్టని మంచు మీద ఎక్కి తొక్కేస్తాయి, అది గట్టిపడి నేలకి అంటుకుంటుంది. 48 అయితే తిప్పాక 41 పైన వస్తుంది, సరిగ్గా సరిపోతుంది. 54 పొడి మంచుకి బాగుంటుంది, బరువు మంచుకి పెద్ద బండి కావాలి. నన్నడిగితే ఎక్కువమందికి 48 చాలు. టేపు పట్టుకెళ్ళి టైర్ల వెడల్పు కొలవండి.

బ్లేడు చూసేటప్పుడు ట్రిప్ స్ప్రింగులు బతికున్నాయా చూడాలి, నేలలో ఏదైనా తగిలితే బ్లేడు ముందుకి వాలి బండిని కాపాడేది అవే. కింద అంచు పట్టీ, అటూ ఇటూ స్కిడ్ షూలు అరిగినా పర్లేదు, మార్చుకోవచ్చు. లిఫ్టుకి ఫ్లోట్ ఉందా అన్నది ఇంకా ముఖ్యం, అంటే బ్లేడు నేల ఎత్తుపల్లాల్ని బట్టి తనంతట తనే పైకీ కిందకీ ఆడాలి. ఫ్లోట్ లేకపోతే ఒకచోట మంచు వదిలేస్తుంది, ఇంకోచోట కంకర ఎత్తి లాన్‌లో పోస్తుంది, ఎండాకాలం ఆ కంకరే డెక్ బ్లేడ్లకి తగులుతుంది. చేతి లివర్‌తో ఎత్తే బండి నడుస్తుంది గానీ ప్రతి విడతకీ బ్లేడు ఎత్తి దించాలి కాబట్టి ఒంట్లో ఓపిక ఉండాలి.

బరువులూ చెయిన్లూ లేకుండా ఎంత పెద్ద బండైనా మంచులో నిలబడి చక్రాలు తిప్పుతుంది. చక్రాలకి ఇనుప బరువులు, టైర్లలో ద్రవం, వెనక బరువు పెట్టె, ఈ మూడిట్లో ఏదో ఒకటైనా కావాలి. టైర్లో మామూలు నీళ్ళు పోస్తే గడ్డకడుతుంది, చలికి తట్టుకునే విండ్ షీల్డ్ వాషర్ ద్రవం చవకలో అయిపోతుంది, కాల్షియం క్లోరైడ్ బరువే గానీ రిమ్ముని తినేస్తుంది. బండితో పాటు ఇవన్నీ వస్తున్నాయా అని అడగండి, విడిగా కొంటే అనుకున్నదానికంటే ఎక్కువే అవుతుంది. చెయిన్లు ఇటుక రాళ్ళ డ్రైవ్ వే మీద గీతలు పెడతాయి, అలాంటి చోట రబ్బరు చెయిన్లు వాడుకోవచ్చు. టైర్లు మాత్రం గడ్డికి వాడే టర్ఫ్ టైర్లే ఉంచి చలికాలం వాటి మీద చెయిన్లు వేస్కోండి, పొలం టైర్లు పెడితే లాన్ దున్నినట్టవుతుంది.

గడ్డి వైపు నుంచి చూస్తే

ఇక్కడ పెద్దగా చెప్పేదేం లేదు, డెక్ 48 నుంచి 54 అంగుళాల మధ్య ఉంటే చాలు. పాత బండికి డెక్ రేకు కొత్తది దొరకదు కాబట్టి తుప్పు మాత్రం బాగా చూడండి, కింద పేరుకున్న గడ్డి గీకి స్క్రూ డ్రైవర్‌తో పొడిచి చూస్తే బొక్క పడేది పడుతుంది. బ్లేడుని పైకీ కిందకీ ఊపితే స్పిండిల్ (బ్లేడు తిరిగే ఇరుసు) లూజు తెలుస్తుంది, బేరింగులు మార్చడం చిన్న పనే. బరువు బండి తడినేల మీద గాడి పెడుతుంది, వాన పడిన మర్నాడు కొయ్యకుండా ఉంటే సరి. చాలా బండ్లకి మంచు బ్లేడు పెట్టాలంటే డెక్ తియ్యాలి, ఎంత సేపు పడుతుందో, ఒక్కరే తియ్యగలరో లేదో అమ్మేవాళ్ళని మీ ముందే తీసి చూపించమనండి. చూపించడానికి తటపటాయించారంటే అది కష్టమైన పనన్నమాట.

చూడ్డానికి వెళ్ళినప్పుడు

నేను వచ్చేదాకా స్టార్ట్ చెయ్యొద్దని ముందే చెప్పండి, వెళ్ళగానే ఇంజిన్ మీద చెయ్యి పెట్టండి, వెచ్చగా ఉంటే ఎందుకు వేడి చేసి ఉంచారో ఆలోచించాలి. చలికాలం వాడే బండి చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ అవ్వాలి కదా. నీలం పొగ కాసేపు వచ్చి ఆగితే పాత బండిలో మామూలే, ఆగకుండా వస్తుంటే ఆయిల్ తాగుతోంది. డిప్ స్టిక్ తీసి వాసన చూడండి, పెట్రోల్ వాసన వస్తే ఫ్యూయల్ పంపో కార్బురేటరో లీకై ఆయిల్లో కలుస్తోంది, అలాగే నడిపితే ఇంజిన్ అరిగిపోతుంది.

అసలు పరీక్ష హైడ్రోకి. చల్లగా ఉన్నప్పుడు అరిగిపోయిన హైడ్రో కూడా బానే లాగుతుంది, కనీసం అరగంట నడిపి వేడెక్కాక ఎత్తు మీదకి ముందుకీ వెనక్కీ ఎక్కించండి. వేడి మీద స్పీడు పడిపోతే, మూలుగు పెరిగితే వదిలెయ్యండి, లేదా గడ్డికి మాత్రమే అని రేటు మాట్లాడండి. డెమో పేరుతో ఐదు నిమిషాలు తిప్పి చూపిస్తే దాన్నిబట్టి ఏమీ తెలీదు. బ్లేడు ముందు ఫ్రేముకి ఎక్కడ తగులుకుంటుందో అక్కడ పగుళ్ళు, కొత్త పెయింట్ కింద వెల్డింగులు ఉన్నాయేమో లైట్ వేసి చూడండి, ముందు చక్రం పట్టుకుని ఊపి యాక్సిల్ పివట్ ఎంత ఆడుతోందో చూడండి. గంటల మీటరు పెద్దగా నమ్మక్కర్లేదు, మార్చేసి ఉండొచ్చు, ఆగిపోయి ఉండొచ్చు, పెడల్ రబ్బరు అరుగుదలే నిజం చెప్తుంది. సీటు మీద నుంచి లేస్తే గడ్డి కోసే బ్లేడ్లు ఆగాలి, ఆగకపోతే ఎవరో స్విచ్ వైర్లు కలిపేశారు, ఇంట్లో పిల్లలుంటే కొన్న రోజే అది సరిచేయించండి.

మరి ఎవరికి ఏది

డ్రైవ్ వే రెండు కార్ల పొడవే, లాన్ చిన్నది అంటే అసలు ఈ గార్డెన్ ట్రాక్టర్ గోలే అక్కర్లేదు, గడ్డికి ఒక మామూలు లాన్ ట్రాక్టర్, మంచుకి చేత్తో నడిపే రెండు స్టేజీల స్నో బ్లోయర్ తీస్కోండి, ఒకటి పాడైతే రెండోది ఉంటుంది, డెక్ తీసి పెట్టే పని తప్పుతుంది. డ్రైవ్ వే పొడుగు, మంచు నెట్టడానికి పక్కన స్థలం ఉంది, చేతిపని కొంచెం వచ్చు అంటే పాత కబ్ క్యాడెట్ లేదా వీల్ హార్స్ బ్లేడుతో సహా దొరికితే తీస్కోండి. చేతిపని రాదు, స్టార్ట్ చేసి వాడుకోవాలి అంతే అనేవాళ్ళకి 425 వరస బండి, క్యామ్ గేరు సంగతి తేల్చుకుని. రెండు బండ్లు ఒకే రేటులో దొరికి ఒకటి నిగనిగలాడుతూ డెక్‌తో మాత్రమే ఉండి, ఇంకోటి పెయింట్ పోయి బ్లేడు, చెయిన్లు, బరువులు, మాన్యువల్ పుస్తకం అన్నిటితో ఉంటే నేనైతే రెండోదే తెచ్చుకుంటా.

ఎప్పుడు కొనాలంటే మొదటి మంచు పడ్డ వారం మాత్రం వద్దు, వసంతం మొదట్లో కూడా అందరూ గడ్డి కోసం ఎగబడతారు. ఎండాకాలం నడిమధ్యలో మంచు బ్లేడు గరాజ్‌లో అడ్డంగా ఉందని విసుక్కునే ఓనర్లు దొరుకుతారు, బేరం కుదిరేది అప్పుడే.

తెచ్చుకునేటప్పుడు బ్లేడుతో కలిపి బరువు 400 కిలోలు దాటొచ్చు కాబట్టి చిన్న ట్రెయిలర్ సరిపోతుందో లేదో ముందే చూస్కోండి. బండి నడవకపోతే లాగేముందు హైడ్రోని విడుదల చేసే చిన్న లివర్ వెనకో కిందో ఉంటుంది, అది తియ్యకుండా విన్చ్ కట్టి లాగితే బతికున్న ట్రాన్సాక్సిల్ కూడా దెబ్బతినొచ్చు. పట్టీలు ఫ్రేముకి కట్టండి, స్టీరింగ్ రాడ్లకి కాదు, హుడ్‌ని కూడా తాడుతో కట్టేయండి, పాత హుడ్లు హైవే గాలికి లేచిపోతాయి.